పారిపోయినవాడి పెళ్ళాం

చప్పట్లండీ! చప్పట్లు కొట్టారు! వాడు జైలు గోడ దూకాడో లేదో, హాలంతా లేచి నిలబడి ఒకటే ఈలలు, ఒకటే కేకలు. నా వెనక సీట్లో ఒకాయనైతే "దూకెయ్ గురూ, దూకెయ్" అంటూ నా సీటుని తంతాడు. వాడు గోడ దూకేసరికి ఇక్కడ నా నడుం విరిగింది.

ఉండండుండండి, ముందు మిషను తొక్కనివ్వండి. ఆఁ... ఇప్పుడు మాట్లాడుకోవచ్చు. మీరు మాత్రం కదలకండి. ఆ మూల చెక్క మీద మోకాలు ఆనిస్తే కిర్రుమంటుందని ఎన్నిసార్లు చెప్పాను? గోడకి అవతల పంతులమ్మ ఇప్పుడే వచ్చి నడుం వాల్చింది. సినిమా చూసి ఏడ్చి ఏడ్చి తలనొప్పి తెచ్చుకుంది మహాతల్లి.

వింటున్నారా? ఒకసారి కొట్టండి. సరే. అవునంటే ఒకటి, కాదంటే రెండు. పెళ్ళైన కొత్తలో మా అక్క అనేది, "మీ ఆయనేంటే, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటాడు" అని. ఇప్పుడొచ్చి చూడమనండి. అటక మీద మీరు, కింద నేను. మాటలన్నీ నావి, కొట్టుళ్ళు మీవి.

వీధిలో అందరూ ఏమనుకుంటున్నారో తెలుసుగా? అత్తగారు పోయిన దగ్గర్నించీ దీనికి మతి చలించింది, కుట్టుమిషనుతో కబుర్లు చెప్పుకుంటుంది అని. అనుకోనివ్వండి. పిచ్చిదానికున్న వెసులుబాటు మంచిదానికి ఎక్కడుంది? దారం కూడా ఎక్కించలేదండీ ఇవాళ. ఉత్తి మిషనే తొక్కుతున్నా. ఇవాళ కుట్టే మనసు లేదు.

నేనేమైనా సరదాపడి వెళ్ళానా సినిమాకి? పొద్దున తలుపు తట్టింది ఎవరో మీరూ విన్నారు. ఇన్‌స్పెక్టరు గారి భార్య. పక్కింటి పంతులమ్మని వెంటేసుకుని వచ్చింది. "మూడు టిక్కెట్లు తెప్పించాను, మ్యాట్నీకి వెళ్దాం, కాదన్నావంటే ఒట్టు. ఒక్కదానివే ఇంట్లో ఎంతకాలం మగ్గుతావు?"

ఒక్కదాన్నే! ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని ముక్కు చీదుకున్నాను. ఆవిడ దాన్ని ఏడుపనుకుని వీపు నిమిరింది.

కాదంటే అనుమానం. సరేనంటే మీరిక్కడ ఒక్కరే, దగ్గొస్తే పక్కన మిషను చప్పుడుండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాళం వేసి వెళ్తున్నంతసేపూ నా చెవులు ఇక్కడే వదిలేసి వెళ్ళాను.

దగ్గారా? నిజం చెప్పండి. రెండు కొట్టారు... నాకు తెలుసులెండి, మీ రెండుకి అర్థం. నోట్లో గుడ్డ కుక్కుకుని దగ్గుంటారు. ఆ గుడ్డ తర్వాత కిందకి పడెయ్యండి, నేను చూడాలి.

సినిమా కథ చెప్పమంటారా? ఏముంది, మన కథే, కాకపోతే పాటలుంటాయి. వాడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒక పెద్ద మేడలో లిఫ్టు తెరిస్తే శవం. వాడి పనిముట్టు అక్కడ దొరుకుతుంది. ఇంకేం, పట్టుకుపోయారు. ఒక పాట, రెండు వాయిదాలు, యావజ్జీవం. వాడు గోడ దూకేశాడు. అక్కణ్ణించి పరుగే పరుగు. మేడల మీద, రైళ్ళ మీద, వానలో, బురదలో. వెనక ఓ పోలీసాయన, మనసులో వీడు మంచివాడేనని ఆయనకీ అనుమానం. ఆఖరికి ఆ మేడ యజమానే హంతకుడని తేలింది. జడ్జీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అయిపోయింది. లేచి ఇంటికి పోండి.

ఎంత హాయండీ! రెండున్నర గంటల్లో తేలిపోయింది.

నేను అడగాలనుకున్నా, ఆ సినిమా తీసినవాణ్ణి. నాయనా, వీడు అన్నాళ్ళు పరిగెత్తాడు కదా, బట్టలెవరు ఉతికారు? వానలో తడిసి, బురదలో పొర్లి, మర్నాటికి చొక్కా మడత నలగలేదే! దర్జీ కళ్ళతో మీరు చూసి ఉంటే తిట్టేవారు. చంకల దగ్గర లూజు ఏ కోశానా లేదు, అది వేసుకుని గోడలు దూకుతున్నాడు. వాడికి జలుబు చెయ్యదు. పన్ను నొప్పి పుట్టదు. అంతసేపు చూశాను, ఒక్కసారి కూడా వాడు దొడ్డికి వెళ్ళాల్సిన పనే పడలేదు. ఆ బకెట్టు మూత పెట్టి, పైన చీర కప్పి, వీధిలో ఎవరూ లేరని చూసి పట్టుకెళ్ళే మనిషిని ఏ సినిమాలో చూపిస్తారండీ?

వాడికీ ఓ పెళ్ళాం ఉంది, మర్చిపోయా. ఒక పాటలో నవ్వింది. తర్వాత వాడి పర్సులో ఫొటో అయి కూర్చుంది. అంతే. వాడు మధ్య మధ్యలో ఆ ఫొటో తీసి చూసుకుని పరిగెడతాడు. నేను చూస్తూ అనుకున్నా, అదృష్టవంతురాలివమ్మా, నువ్వు ఫొటోవి.

నవ్వుతున్నారా? నవ్వండి. చప్పుడు చెయ్యకుండా నవ్వండి.

లోకమంతా మీరు కూడా అలాగే పరిగెడుతున్నారనుకుంటోంది, తెలుసా? ఓడరేవులో గడ్డం పెంచుకుని మూటలు మోస్తుంటే చూశానని ఒకడు. కాదు, రాళ్ళ క్వారీలో పేరు మార్చుకుని ఉన్నాడని ఇంకొకడు. మొన్న పాలు పోసే ఆవిడైతే నా చెయ్యి పట్టుకుని, "బాధపడకు, మగబుద్ధి అంతే" అంది. మీకు రెండో పెళ్ళి కూడా చేసేశారు! ఇద్దరు పిల్లలట. నేనేం చెయ్యను? ఏడవకపోతే బాగుండదు. గుమ్మంలో నిలబడి మీ రెండో పెళ్ళానికి శాపనార్థాలు పెట్టాను. మీరేమో పైన, ఈ గుమ్మానికి బారెడు దూరంలో, మోకాళ్ళు కడుపులో పెట్టుకుని కూర్చున్నారు.

మీ అమ్మ పోయినప్పుడు జైలు నుంచి నాలుగు రోజులు పెరోలిచ్చారు. వెళ్ళాల్సిన రోజు వీధంతా చూస్తుండగా సంచీ పట్టుకుని ముందు గుమ్మంలోంచి వెళ్ళారు. సందు తిరిగి వెనక గుమ్మంలోంచి వచ్చారు. "ఒక్క పూట, ఊపిరి పీల్చుకుని వెళ్తాను" అన్నారు. నేనే నిచ్చెన వేశాను. ఆ ఒక్క పూట ఇదిగో, రెండేళ్ళు దాటింది. సినిమా అంత పరుగు పరిగెత్తాడు వాడు. మీ పరుగు మొత్తం వెనక సందంత.

పరిగెడుతున్నది నేనండీ. కూరగాయల దగ్గర "ఒక్క మనిషివి, ఇంత తింటావా?" అంటే పరుగు. చుట్టాలొస్తామంటే పరుగు. మా అక్క చూడ్డానికి వస్తానంటే నాకు అమ్మవారు పోసిందని కబురు పెట్టాను. అది మళ్ళీ ఈ ఇంటి ఛాయలకి రాలేదు. నాకున్నది ఒక్కతే అక్క.

అబ్బ, మళ్ళీ ఎందుకొచ్చిందో ఆ దగ్గు... ఆపుకోండి, ఆపుకోండి. గట్టిగా తొక్కుతున్నాగా. దగ్గెయ్యండి, ఫరవాలేదు, దగ్గెయ్యండి. నేనూ దగ్గుతా మీతో పాటు.

అయిందా?

డాక్టరు దగ్గర ఏం జరిగిందో మీకు పూర్తిగా చెప్పలేదు నేను. మీ దగ్గంతా నేను నేర్చుకుని వెళ్ళాను. ఎలా మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఆఖర్న ఆ ఈల చప్పుడు. అంతా దగ్గి చూపించాను. ఆయన గొట్టం పెట్టి వెనకా ముందూ విన్నాడు. "మీ ఊపిరితిత్తులు గంటల్లా ఉన్నాయమ్మా" అన్నాడు. అయినా మందివ్వండి బాబూ అని బతిమాలాను. రాయడం మొదలెట్టాడు. గుడ్డలో ఎర్రజీర కూడా కనిపిస్తోందండీ అన్నాను. ఆయన కలం ఆపి నా మొహం చూశాడు. "ఆ ఎర్రజీర ఎవరికి వస్తోందో వాళ్ళని తీసుకురండి. ఎక్స్‌రే తియ్యాలి. ఆలస్యమైతే నా చేతుల్లో ఉండదు" అన్నాడు. అంతే. ఇంకేం అడగలేదు. చీటీ కూడా తీసుకోకుండా వచ్చేశాను.

మీకు చెప్పలేదు. చెప్తే ఏం చేస్తారు మీరు? ఒకటి కొడతారా, రెండు కొడతారా?

పంతులమ్మ సంగతి చెప్పనా? ఇది వింటే మీకు దగ్గు కూడా ఆగిపోతుంది. సినిమాలో సాక్షి చెప్పే సీను. ఎదురు ఫ్లాటులో ఉండే ఆవిడ బోనెక్కి, "అవును, వీడు పొద్దున అరవడం నేను విన్నాను" అంటుంది. అంతే, హీరో పని ఖాళీ. పంతులమ్మ నా చెవి దగ్గర నోరు పెట్టి, ఏడుస్తూ, "ఇలాంటి వాళ్ళని చెంపలు వాయించాలి. తెలిసీ తెలియకుండా ఒకడి జీవితం నాశనం చేస్తారు" అంది!

నేను చీకట్లో ఆవిడ మొహం చూశానండీ. నిజంగానే ఏడుస్తోంది. కళ్ళనీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. ఆవిడకి గుర్తు కూడా రాలేదు. మన కేసులో బోనెక్కి, "బట్టలకొట్టు యజమాని మీద ఇతను 'నీ అంతు చూస్తా' అని అరవడం నా చెవులారా విన్నాను" అని చెప్పింది తనేనని.

అవును మరి, అరిచారు మీరు. ఊరికే అరుస్తారా అంటే, ఆ యజమాని గుడ్డల తాను మధ్యలో మాసిన ముక్క పెట్టి మీ చేత కత్తిరింపించాడు, తప్పు మీ మీద తోశాడు. కోపంలో కత్తెర కూడా అక్కడే వదిలేసి ఇంటికొచ్చారు. మర్నాడు ఆ కత్తెర పోటుతోనే ఆ యజమాని శవమై... నాకిప్పటికీ ఆ కత్తెర తలుచుకుంటే అన్నం దిగదు. ఎవరు చేశారో ఎవరికి తెలుసు? సినిమాలో అయితే మేడ యజమాని ఉన్నాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని. మనకి విలన్ కూడా లేడండీ. ఎవణ్ణి తిట్టుకోవాలో తెలీక నేను వర్షాన్ని తిడతాను, కరెంటుని తిడతాను, మిమ్మల్ని తిడతాను.

ఇంటర్వెల్ దాకా వచ్చాం కదూ. అసలు సంగతి అక్కడుంది. ఇందాకణ్ణించీ చుట్టూ తిరుగుతున్నది అందుకే. 

పంతులమ్మ లేచి బయటికి వెళ్ళింది. లైట్లు వేశారు. ఇన్‌స్పెక్టరమ్మ పేలాల పొట్లం నా ఒళ్ళో పెట్టింది. తను ఒకటి తింది, నాకొకటి ఇచ్చింది. తర్వాత నా వైపు తిరక్కుండా, తెర వైపే చూస్తూ, "ఆయన ఎలా ఉన్నారు?" అంది.

"ఎవరండీ?" అన్నాను.

"మీ ఆయన."

పేలం గొంతులో అడ్డం పడిందండీ.  ఆవిడే అంది, "మొన్న నువ్విచ్చిన యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేస్తుంటే చూశాను. ఆ కాజాలు మిషను కాజాలు కావు. మా పెళ్ళినాడు మా ఆయన వేసుకున్న చొక్కా మీ ఆయన కుట్టిందే, ఇంకా నా పెట్టెలో ఉంది. తీసి పక్కపక్కన పెట్టుకుని చూశాను. లోపలి వైపు కూడా బయటి వైపంత నున్నగా, చివర ఆ చిన్న ముడి. ఆ చెయ్యి ఊళ్ళో ఒక్కరిదే కదా."

వింటున్నారా? కొట్టకండి. ఇప్పుడేమీ కొట్టకండి. వినండి.

గుండీ పట్టే చిన్న చీలిక, కాజా. అది పట్టించింది మిమ్మల్ని. జాగిలాలు వాసన చూసి వదిలేశాయి. పోలీసులు మూడుసార్లు ఇల్లంతా తిరగేశారు, దండెం మీద మగవాళ్ళ చొక్కాలు చూసి కూడా దర్జీ ఇల్లు కదా అనుకుని పోయారు. ఇన్‌స్పెక్టరు కొలతల వంక పెట్టుకుని నెలనెలా వచ్చి నాలుగు మూలలూ కళ్ళతో వెతుక్కునేవాడు. ఎవరికీ దొరకలేదు. ఆఖరికి మీ పనితనానికి మీరు దొరికారు.

నేను మూలకొట్లో మిషను మీద వేయించేదాన్ని కదండీ కాజాలు! బజారుకెళ్ళొచ్చేలోగా దండెం మీది చొక్కా పైకి లాక్కుని, ఆ వెంటిలేటరు వెలుతుర్లో కూర్చుని కుట్టేశారు. ఎవరికి? మిమ్మల్ని వెతుకుతున్నవాడికి! వాడి గుండెల మీద, వరసగా, మీ సంతకం పెట్టి పంపించారు. ఎందుకు చేశారని అప్పుడే అడిగితే సమాధానం ఏం వస్తుంది, ఒకటో రెండో. ఇప్పుడూ అడగను. నాకు తెలుసు. చెయ్యి ఊరుకోదు. మనిషిని అటక మీద మడిచి పెట్టొచ్చు గానీ ఆ చేతిని ఏం చెయ్యగలను?

నేను లేవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో, భయపడకు. నేను చెప్తానా? చచ్చినా చెప్పను. మా ఆయన తన చొక్కాకి గుండీ ఊడినా చూసుకోడు, కాజాలు చూస్తాడా? ఇది మనిద్దరి మధ్యే" అంది. కళ్ళు మెరుస్తున్నాయండీ ఆవిడకి. సినిమాలో తనకీ ఓ వేషం దొరికినట్టు మురిసిపోతోంది.

అమ్మయ్య అనుకున్నాను ఒక్క క్షణం. సిగ్గులేకుండా ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకున్నాను కూడా.

అప్పుడు మెల్లిగా అంది. "మా చెల్లెలి కూతురికి పెళ్ళి కుదిరింది. ఇంటిల్లిపాదికీ బట్టలు నీకే ఇస్తాను. కాజాలు మాత్రం ఆయన చేతివే కావాలి. పెళ్ళికొడుకు చొక్కా మొత్తం ఆయనే కుట్టాలి. తొందరేం లేదు, నిదానంగా కుట్టమను. ఆయన ఎక్కడికీ పోరు కదా!"

ఆయన ఎక్కడికీ పోరు కదా. నవ్వుతూ అందండీ. దుర్మార్గురాలు కాదు ఆవిడ. నిజంగానే మనకి మేలు చేస్తున్నాననుకుంటోంది. ఈ పెళ్ళయ్యాక ఇంకో పెళ్ళి. ఆ తర్వాత వాళ్ళ తోడికోడలు, తోడికోడలి చెల్లెలు. కాదన్న రోజున ఏమవుతుందో ఆవిడ అనలేదు, అననక్కర్లేదు కూడా. అక్కడ గోడలున్న జైలు. ఇక్కడ అటక. ఇప్పుడు అటక తాళంచెవి ఇన్‌స్పెక్టరమ్మ కొంగున.

నాకప్పుడు ఏమైందో తెలీదు. భయం ఉన్నపళంగా పోయింది. "అమ్మా, బట్టలు తేకండి. మీ ఆయన్ని తీసుకురండి" అన్నాను.

అవును. అన్నాను.

దీపాలు పెట్టే వేళకి రమ్మన్నాను. జీపు వద్దు, సంకెళ్ళు వద్దు, మామూలు బట్టల్లో రమ్మన్నాను. మా ఆయన తనంతట తాను లొంగిపోయాడని రాయాలి అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది. "ఇదేం మంకుపట్టే, సాయం చేస్తానంటుంటే!" అంది. "తీసుకురాకపోతే నేనే వెళ్ళి చెప్తాను. మీకు ముందే తెలుసని కూడా చెప్తాను" అన్నాను. అక్కడితో సరే, తీసుకొస్తానంది. రెండో సగమంతా ఏడుస్తూనే ఉంది. పంతులమ్మేమో హీరో కోసం అనుకుని జేబురుమాలు ఇచ్చింది.

రెండు కొట్టారు. మళ్ళీ రెండు. కొట్టండి. చెక్క విరిగేట్టు కొట్టండి. నా నెత్తిన పడేట్టు కొట్టండి. ఇన్నాళ్ళకి నాతో ఇంత గట్టిగా మాట్లాడారు, కానివ్వండి.

లాయరుగారి దగ్గరికి వెళ్ళాను నేను, డాక్టరు దగ్గర్నించి అటే. "ఒకవేళ ఆయన ఎక్కడైనా కనిపిస్తే" అని అడిగాను. ఆయన నా మొహం చూసి నవ్వలేదు. "అమ్మా, మనిషి లేకుండా అప్పీలు కదలదు. చంపింది అతను కాదని నేనూ నమ్ముతాను. కానీ పెరోలు మీద వచ్చి తిరిగి వెళ్ళకపోవడం మాత్రం నిజంగా చేసిన తప్పే కదా. తనంతట తాను వస్తే ఒక దారి. పట్టుబడితే ఒక దారి. ముందు ఆస్పత్రిలో పెట్టమని నేను అడుగుతాను" అన్నాడు. మాట ఇవ్వలేదు. ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు నాకు. జడ్జీ కళ్ళద్దాలు తుడుచుకుంటాడని నేను అనుకోవడం లేదు.

ఏంటి, కొట్టడం మానేశారు?

నా మీద కోపమా? ఉంటుంది. అయితే మొత్తం విని కోపగించుకోండి. ఇంకా ఉంది.

ఇన్‌స్పెక్టరు చొక్కా తీసుకెళ్ళడానికి వచ్చిన రోజు గుర్తుందా? సరిగ్గా మీ కింద నిలబడ్డాడు. నేను మిషను ఆపాను. ఆయనతో మాట్లాడ్డానికి ఆపాననుకున్నారు మీరు. ఆ పొద్దంతా మీకు దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. నాకు తెలుసు. తెలిసే ఆపాను. మంచినీళ్ళిచ్చాను, కూర్చోమన్నాను, లేని కబుర్లు చెప్పాను. ఒక్కసారి దగ్గండి, ఒక్కసారి, అని లోపల అనుకుంటూనే ఉన్నాను. మీరు ఊపిరి బిగబట్టారు. ఎంత ఓపికండీ మీకు! ఆయన వెళ్ళాక నేను వెనక గదిలోకి వెళ్ళి చెంపలు వాయించుకున్నాను.

ఇంకోటి. ఆ కాజాలు నేను చూశాను.

మీరు కుట్టిన గంటలోనే చూశాను. పాతికేళ్ళు మీ పక్కన కూర్చుని కుట్టినదాన్ని, నాకు తెలీదా మీ ముడి? విప్పేసి మూలకొట్టుకి పంపొచ్చు. ఎంతసేపు పని? బ్లేడు కూడా చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పక్కన పెట్టేశాను. శుభ్రంగా ఇస్త్రీ చేసి, కాజాలు పైకి కనబడేట్టు మడిచి, ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టాను. చూడు నాయనా, చూడు, అనుకున్నాను. ఆయన చూడలేదు. చూడాల్సిన మగవాడు చూడక, ఆవిడ చూసింది.

మీరు పట్టుబడాలని కాదండీ. ఒట్టు. నేను మీకు నోటితో చెప్పలేకపోయాను. "వెళ్ళండి" అన్న మాట నా నోటితో నేను అనలేకపోయాను. ఇంకెవరైనా అంటే బాగుండుననుకున్నాను. మీకు అన్నం పెట్టిన చేత్తో, మీ నోట్లో గుడ్డ కుక్కిన చేత్తో, ఈ రెండేళ్ళూ మిమ్మల్ని చంపుతున్నది నేనేనేమోనని భయమేసింది.

వీధి దీపం వెలిగింది. వస్తూ ఉంటారు.

దిగండి. నిచ్చెన వేశాను. మెల్లిగా, మీకు కాళ్ళు పట్టేసి ఉంటాయి, నా భుజం మీద చెయ్యి వెయ్యండి. వేణ్ణీళ్ళు పెట్టాను, గడ్డం గీసుకోండి. ఆ నీలం చొక్కా మంచం మీద ఉంది. మీ కోసం లూజు తగ్గించాను కూడా. ఎంత తగ్గించాల్సొచ్చిందో చూసి నాకే ఏడుపొచ్చింది.

నా సంచీ అదిగో, గుమ్మం పక్కన. అలా చూస్తారేంటి? దాచినవాళ్ళకీ శిక్ష ఉంటుందని లోకమంతా అంటుందిగా. ఉండనివ్వండి. నేను దాచలేదా? దాచాను. కాదని ఏ బోనెక్కి చెప్పను?

మీరు చెయ్యని దానికి మీకు వేశారు. చేసినదానికి నాకు వేస్తారు. పోన్లెండి, ఈ ఇంట్లో ఒక్కరికైనా తీర్పు సరిగ్గా పడుతుంది.